తెనాలి సైకిల్ షాపు: మరమ్మతుకు వెళ్ళి, పనిలో కూర్చుని

మా నాన్నగారు 1978లో కొన్న అట్లాస్ సైకిలు పదేళ్లకు పైగా మా పెరటి వసారాలో గోడకు ఆనుకొని ఉండిపోయింది. టైర్లు పగుళ్ళు తీసి రిమ్ములకు అంటుకుపోయాయి, గొలుసు తుప్పుతో బిగిసి ఒకే ఇనుప కడ్డీలా తయారైంది, సీటు కింది స్ప్రింగుల్లో సాలెపురుగులు కాపురం పెట్టాయి. ఉద్యోగ విరమణ చేసిన మరుసటి నెలలో దానిని బాగుచేయించాలని బయలుదేరితే, మొదటి రెండు దుకాణాలవారు పాత ఇనుము కింద అమ్మేయమని సలహా ఇచ్చారు. వారిని తప్పుపట్టలేను. 1951లో హర్యానాలోని సోనీపత్‌లో మొదలైన ఆ కంపెనీయే 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, సాహిబాబాద్ కర్మాగారంలో పని ఆపేసింది కాబట్టి, ఆ పేరున్న విడిభాగాల కోసం తిరిగే మనిషి వారికి వింతగానే కనిపించి ఉంటాడు. ఈ సమీక్ష మూడో దుకాణం గురించి. అక్కడ సైకిలు బాగుచేయించుకోవడం ఒక ఎత్తు, ఆ పని చూసి ఉండబట్టలేక ఐదు నెలలపాటు ఉదయం పూట అక్కడే కూర్చుని పని చేయడం మరొక ఎత్తు. అందువల్ల ఇందులో కొంత కస్టమరు మాట ఉంది, కొంత పనివాడి మాట ఉంది.

దుకాణం పేరు రాయడం లేదు. బోర్డు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోయి చాలా ఏళ్ళయింది, ఊళ్ళో ఎవరూ దానిని పేరుతో పిలవరు, పైగా యజమాని తన పేరు ఎక్కడా రాయవద్దన్నారు. తెనాలి ఊళ్ళోంచి పారే కాలువల్లో ఒకదాని గట్టు వెంట ఉన్న వీధిలో, పదడుగుల వెడల్పు గది, దానికి ముందు రేకుల పంచ, పంచ దూలానికి సైకిలును ఎత్తి తగిలించే రెండు కొక్కేలు, ఒక మూల సొట్టలు పడిన ఇనుప బేసినులో నల్లటి నీళ్ళు, గోడ నిండా మేకులకు తగిలించిన టైర్లు. ఇంతకు మించి అక్కడ ఏమీ లేదు. యజమాని, మెకానిక్, గుమాస్తా అన్నీ ఒక్కరే. డెబ్బైకి దగ్గర పడిన ఆయనను అందరూ మేస్త్రిగారు అంటారు. నేను ముప్పై రెండేళ్లు ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి ఆయన నన్ను మొదటి రోజు నుంచీ మాస్టారూ అనే పిలిచారు, పనిలో తప్పు చేసినప్పుడు కూడా.

ఆయన నా సైకిలును చూసిన తీరుతోనే నాకు నమ్మకం కలిగింది. ధర చెప్పే ముందు సైకిలును కొక్కేలకు తగిలించి, రెండు చక్రాలనూ పక్కకు ఊపి చూసి, ఫ్రేము అతుకుల దగ్గర రంగు గీకి చూసి, హ్యాండిలును రెండు వైపులా తిప్పి, కనీసం పదిహేను నిమిషాల తరువాత మూడు సంగతులు చెప్పారు. ఫ్రేముకు ఢోకా లేదు. ముందు చక్రానికి గోళీలు, అంటే ఇరుసులో దొర్లే చిన్న ఉక్కు గుండ్లు, మారిస్తే చాలు. వెనక చక్రాన్ని మాత్రం పూర్తిగా విప్పి, ఇరుసును రిమ్ముకు కలిపే పుల్లలన్నీ కొత్తవి వేసి మళ్ళీ కట్టాలి. సామానుకు 1,850 రూపాయలు, చేతికూలి 450 రూపాయలు అన్నారు. చివరికి సామాను ఖర్చు 1,920 అయింది. అదనంగా 70 రూపాయలు ఎందుకయ్యాయో అడగకుండానే వివరించారు.

ఈ పనిని మా ఊరి షాపులన్నింటిలో ఓవరాయిలింగు అంటారు. ఓవర్‌హాలింగ్ అన్న మాట నోళ్ళలో నలిగి అలా మారింది. కొన్ని చోట్ల ఆ మాటను అక్షరాలా పాటించి, సందు కనిపించిన ప్రతిచోటా నూనె పోసి పంపేస్తారు, వారం రోజులు సైకిలు హాయిగా నడుస్తుంది, ఆ తరువాత ఆ నూనెకు అంటుకున్న దుమ్మే ఆకురాయిలా లోపలి భాగాలను తినేస్తుంది. మేస్త్రిగారి పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ప్రతి ఇరుసునూ విప్పి, గోళీలు తీసి, గోళీలు కూర్చునే కప్పులనూ, వాటిని లోపలి నుంచి అదిమి ఉంచే కోనులనూ డీజిలులో కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, వెలుతురులో పెట్టి చూస్తారు. కోను మీద గోళీ నడిచిన దారి నున్నగా మెరుస్తూ ఉంటే అది ఇంకా పనికొస్తుంది. ఆ దారిలో సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు కనిపిస్తే పారేయవలసిందే. నా సైకిలు ముందు ఇరుసులో పక్కకు 10 చొప్పున అంగుళంలో పదహారింట మూడు వంతుల గోళీలు, వెనక ఇరుసులో పక్కకు 9 చొప్పున పావు అంగుళం గోళీలు, పెడళ్ళ మధ్య ఇరుసులో పక్కకు 11 చొప్పున మళ్ళీ పావు అంగుళం గోళీలు, వెరసి 60 గోళీలు ఉన్నాయి; హ్యాండిలు కప్పుల్లోవి, పెడళ్ళ లోపలివి ఈ లెక్కలో లేవు. వాటిలో నాలుగు మాత్రమే పాడయ్యాయి కదా, నాలుగే మార్చండని నేను అన్నప్పుడు ఆయన ఒప్పుకోలేదు. అరిగిన వాటి మధ్య కొత్త గోళీ వేస్తే, వెంట్రుకవాసి లావుగా ఉన్న పాపానికి బరువంతా దాని మీదే పడి, అది ముందుగా పగిలి, కప్పును కూడా పాడుచేస్తుంది. భౌతికశాస్త్రం చదివినవాడికి ఇది తట్టి ఉండవలసింది.

కోను బిగించడంలో ఉన్న నేర్పు నాకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. ఎక్కువ బిగిస్తే చక్రం బరువుగా తిరుగుతుంది, వదులుగా వదిలితే ఊగుతుంది, సరిగ్గా కుదిరిందనుకుని పైనున్న నట్టు బిగించేసరికి అది కోనును కూడా కొంచెం తిప్పి మొదటికి తెస్తుంది. సరిపోయిందో లేదో చూడటానికి ఆయన దగ్గర ఒక పరీక్ష ఉంది. చక్రాన్ని నేలకు ఆననీయకుండా ఎత్తి, గాలి కొట్టే వాల్వును పక్కకు తెచ్చి వదిలేయాలి. ఇరుసు సరిగ్గా ఉంటే ఆ చిన్న వాల్వు బరువుకే చక్రం కదిలి, గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగి ఊగి, వాల్వు అడుగుకు చేరాక ఆగుతుంది. లోలకం పాఠాన్ని నేను ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు, దారానికి కట్టిన రాయి తప్ప మరొక లోలకాన్ని పిల్లలకు చూపించిన జ్ఞాపకం మాత్రం లేదు.

సైకిలు తీసుకున్న రోజే అడిగాను, ఉదయం పూట వచ్చి కూర్చుంటే పని నేర్పుతారా అని. ఆయన కొంచెంసేపు నా చొక్కా వైపు చూసి, "చొక్కా మార్చుకుని రండి మాస్టారూ" అన్నారు.

మొదటి మూడు వారాలు పంక్చర్లే. టైరు ఒక అంచును రెండు పట్టీలతో రిమ్ము మీది నుంచి తప్పించి, ట్యూబు లాగి, గాలి నింపి, బేసిను నీళ్ళలో కొద్దికొద్దిగా ముంచుతూ బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూసి, చిల్లు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను పూసి, అది తడి ఆరేదాకా ఓపిక పట్టి, అప్పుడు అతుకు వేసి నొక్కాలి. ఈ మొత్తంలో అందరూ తప్పు చేసేది ఆరేదాకా ఆగే దగ్గరే, నేనూ అక్కడే చేశాను. తడిగా ఉండగా వేసిన అతుకు వీధి చివరిదాకా కూడా నిలవదు. అంతకన్నా ముఖ్యమైన మరో సంగతి, చిల్లు పెట్టిన ముల్లు ఇంకా టైరులోనే ఉండవచ్చు కాబట్టి టైరు లోపలి గోడను వేళ్ళతో తడమకుండా ట్యూబును తిరిగి పెట్టకూడదు. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడుగా ఉన్న డన్‌లప్ 1888లో తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి టైరు తయారుచేసిన నాటి నుంచి సైకిలు తొక్కేవారికి ఎంత సుఖం కలిగిందో, సైకిల్ షాపులకు అంత ఆదాయం కలిగింది. మా షాపుకు వచ్చే బేరాల్లో సగానికి పైగా ఇవే.

ఈ దుకాణం నిజాయితీని కొలవదలచినవారికి నేను చెప్పే కొలత కూడా ఇక్కడే ఉంది. పాత తరహా ట్యూబుల వాల్వులో గాలి వెనక్కి రాకుండా అడ్డుకునేది ఒక చిన్న రబ్బరు గొట్టం, దానిని వాల్ ట్యూబు అంటారు. ఎండకు అది చీకిపోతే రాత్రికి రాత్రి గాలి దిగిపోతుంది, సైకిలు యజమాని పంక్చరు పడిందని అనుకుంటాడు. మేస్త్రిగారు టైరు విప్పే ముందు వేలిని నాలుకకు అద్దుకుని వాల్వు మూతికి రాస్తారు. అక్కడ బుడగ వస్తే వాల్ ట్యూబు మార్చి 5 రూపాయలు తీసుకుని పంపేస్తారు. అదే పంక్చరు వేస్తే 40 రూపాయలు. నేనున్న ఐదు నెలల్లో ఆయన ఈ వేలి పరీక్ష చేయకుండా టైరు విప్పడం ఒక్కసారి కూడా చూడలేదు.

నాలుగో వారంలో పెడళ్ళ దగ్గరకు వచ్చాం, అక్కడ నా చదువుకు ఒక దెబ్బ తగిలింది. కుడి పెడలు మామూలు మరతో బిగుస్తుంది, ఎడమ పెడలుకు మాత్రం మర ఎదురు దిశలో ఉంటుంది. ఎందుకని ఆయన నన్నే అడిగారు. గోళీల రాపిడి ఎటు లాగుతుందో లెక్కవేసి జవాబు చెప్పబోయి, నా లెక్క ప్రకారం ఎడమ పెడలుకు మామూలు మరే ఉండాలని తేలడంతో ఆగిపోయాను. ఆయన గోడ గూట్లో ఉన్న పెన్సిలు తీసి, పిడికిట్లో వదులుగా పట్టుకుని, దాని పై కొనను రెండో చేతి వేలితో గుండ్రంగా తిప్పారు. కొన ఒక దిశలో తిరుగుతుంటే పెన్సిలు మాత్రం పిడికిట్లో ఎదురు దిశలో దొర్లింది. తొక్కే కాలి బరువు పెడలు ఇరుసును క్రాంకు (పెడలు తగిలించే ఇనుప చేయి) రంధ్రంలో చేసేది కూడా ఇదే, రాపిడి కన్నా దీని బలమే ఎక్కువ కాబట్టి మామూలు మర పెడితే ఎడమ పెడలు దానంతట అదే ఊడి వస్తుంది. 1892లో అమెరికాలోని డేటన్ పట్టణంలో సైకిల్ షాపు తెరిచిన రైట్ సోదరులు 1900 ప్రాంతంలో తమ సైకిళ్ళకు ఈ ఎదురు మర పెడలునే ఒక ఆకర్షణగా చెప్పుకుని అమ్మారు. 1903 డిసెంబరు 17న ఎగిరిన వారి విమానంలో ఇంజను బలం ప్రొపెల్లర్లకు చేరింది కూడా గొలుసులూ పళ్ళచక్రాల ద్వారానే. ఆ ఇంజనును తయారుచేసిన చార్లీ టేలర్ వారి షాపులో పనిచేసిన మెకానిక్. ఈ కథ మేస్త్రిగారికి నేను చెప్పాను. ఆయన విని, సైకిలు షాపు ఎవరు చూసుకునేవారని మాత్రం అడిగారు.

అసలు చెప్పవలసింది చక్రం కట్టడం గురించి. పాత నల్ల సైకిళ్ళకు ముందు చక్రంలో 32 పుల్లలు, వెనక చక్రంలో 40 పుల్లలు ఉంటాయి. ఇప్పటికీ లూధియానా వంటి చోట్ల నుంచి ఇటువంటి సైకిళ్ళు విడిభాగాలుగానే వస్తాయి, పుల్లలను రిమ్ముకు ఎక్కించి చక్రం కట్టే పని షాపులోనే జరుగుతుంది. నలభై పుల్లల్లో ఇరవై ఇరుసుకు ఒక పక్కన, ఇరవై రెండో పక్కన. ఆ ఇరవైలో మళ్ళీ పది బయటి నుంచి లోపలికి, పది లోపలి నుంచి బయటికి దూరతాయి. సగం పుల్లలు చక్రం తిరిగే వైపుకు వాలితే తక్కిన సగం వెనక్కి వాలతాయి. ప్రతి పుల్లా తనకు ఎదురొచ్చే నాలుగింటిని దాటి రిమ్ము చేరుతుంది. మొదటి పుల్ల ఒక రంధ్రం తప్పితే చివరి పుల్లదాకా తప్పే. నా మొదటి చక్రాన్ని ముప్పై ఆరు పుల్లలు ఎక్కించాక మొత్తం విప్పవలసి వచ్చింది. మేస్త్రిగారు ఆరో పుల్ల దగ్గరే ఆ తప్పును గమనించారని, కావాలనే చెప్పలేదని తరువాత తెలిసింది.

పుల్లలు ఎక్కించడం సగం పనే, వంపు తీయడం మిగతా సగం. చక్రాన్ని ఫ్రేములో బిగించి తిప్పుతూ, ఒక సుద్దముక్కను రిమ్ముకు దగ్గరగా కదలకుండా పట్టుకోవాలి. రిమ్ము పక్కకు వాలిన చోట సుద్ద తగిలి గీత పడుతుంది. గీత కుడివైపు పడితే అక్కడి కుడి పుల్లను, పుల్ల కొన నట్టును తిప్పే నిపుల్ కీతో అర తిప్పు వదులు చేసి, ఎడమ పుల్లను అంతే బిగించాలి. తరువాత పావు తిప్పు, ఆ తరువాత అంతకన్నా తక్కువ. ఒకచోట సరిచేస్తే దానికి ఎదురుగా ఉన్న చోట కొత్త వంపు వస్తుంది. రిమ్ము పక్కకు వాలడమే కాకుండా పైకీ కిందికీ కూడా ఉబ్బుతుంది, దానికి మళ్ళీ రెండు పక్కల పుల్లలనూ కలిపి బిగించాలి. వెనక చక్రంలో ఫ్రీవీలు, అంటే గొలుసు తిప్పే పళ్ళచక్రం, ఉన్న పక్క పుల్లలు నిటారుగా ఉంటాయి కాబట్టి అవతలి పక్కకన్నా ఎక్కువ బిగువుగా ఉండాలి. నేను మొదటి చక్రానికి మూడు ఉదయాలు తీసుకున్నాను. మేస్త్రిగారికి నలభై నిమిషాలు చాలు, అందులో టీ తాగే సమయం కూడా కలిసే ఉంటుంది.

బిగువు సమంగా ఉందో లేదో ఆయన చూడరు, వింటారు. వేలితో పుల్లలను ఒక్కొక్కటిగా మీటుకుంటూ పోతే, ఒక పక్క పుల్లలన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి, మంద్రంగా పలికినది వదులు. ఒకరోజు నన్ను సైకిలు మీద కూర్చోమని, గోడ పట్టుకుని ఆనుకోమని, నేలకు దగ్గరగా ఉన్న పుల్లను మీటి వినిపించారు. నేను కూర్చోగానే ఆ పుల్ల స్వరం దిగింది, పై పుల్లల స్వరం మాత్రం మారలేదు. మనిషి బరువును చక్రం ఎలా మోస్తుందన్న ప్రశ్నకు పై పుల్లల నుంచి ఇరుసు వేలాడుతుందని నేను అనుకుంటూ వచ్చాను. బరువు పడినప్పుడు నిజంగా మారేది ముందే బిగించి ఉన్న కింది పుల్ల బిగువు తగ్గడమేనని ఆ స్వరం చెప్పింది. చక్రాన్ని సమంగా బిగించకపోతే వదులుగా ఉన్న పుల్ల ప్రతి చుట్టుకూ మరీ వదులై, మళ్ళీ బిగిసి, కొన్ని నెలలకు మెడ దగ్గర విరుగుతుంది. ఒకే చక్రానికి తరచు పుల్లలు విరుగుతున్నాయంటే, పుల్లల నాణ్యతను తిట్టుకునే ముందు కట్టినవాడి చెవిని అనుమానించాలి.

ఈ పనిలో దొరికే సంతృప్తి గురించి అడిగేవారికి నేను ఇదే చెబుతున్నాను. బడిలో ముప్పై రెండేళ్లు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను, నా దగ్గర చదివిన పిల్లల్లో ఎవరికి ఏది అర్థమైందో, ఎవరి వంపు తీయగలిగానో, ఎవరిని మరింత వంచానో నాకు ఈనాటికీ తెలియదు. పరీక్ష ఫలితాలు వచ్చేవి, కాని అవి వేరే సంగతి. ఇక్కడ అదే సుద్దముక్క పెట్టిన గీత పది నిమిషాల్లో చెరిగిపోతుంది, చక్రం నిటారుగా తిరుగుతుంది, ఆ సైకిలు మీద వచ్చినవాడు ఎక్కి నా కళ్ళ ముందే వీధి మలుపు దాకా వెళతాడు. తప్పు చేస్తే మరునాడు ఉదయానికే తిరిగి వచ్చి చెబుతాడు. ఇంత త్వరగా, ఇంత స్పష్టంగా జవాబిచ్చే పని నేను అంతకుముందు చేయలేదు.

వచ్చేవారిలోనూ అన్ని రకాలవారూ ఉన్నారు. తెల్లవారుజామున పేపరు కుర్రాళ్ళు, వారి వెనకే చుట్టుపక్కల పల్లెల నుంచి పాలు తెచ్చేవారు వస్తారు. పాల సైకిలు వెనక క్యారేజీకి అటొకటి ఇటొకటి క్యాన్లు వేలాడతాయి కాబట్టి దానికి మామూలు పుల్లలు ఆగవు, లావు పుల్లలు వేసి, ఫ్రేముకు అదనంగా ఆసరా కడ్డీలు తగిలించి, స్టాండు కూడా రెండు కాళ్ళది పెట్టాలి. కొబ్బరిబొండాలు అమ్మే ఆయన ఒకరు బేరం మొదలుపెట్టే ముందు రోజూ ఆగి బ్రేకు రబ్బర్లు చూపించుకుని పోతారు. కడ్డీ బ్రేకుల రబ్బరు రిమ్ము లోపలి అంచుకు రాసుకుని ఆపుతుంది. వానలో రిమ్ము తడిస్తే అంత బరువుతో ఆ బ్రేకు పట్టడం దైవాధీనమని ఆయనకు బాగా తెలుసు. బడి గంటకు ముందు ఆడపిల్లలు వస్తారు. ప్రభుత్వ పాఠశాలల తొమ్మిదో తరగతి బాలికలకు 'బడికొస్తా' పథకంలో ఇచ్చిన సైకిళ్ళు అక్కచెల్లెళ్ళ చేతులు మారి ఇంకా తిరుగుతున్నాయి. ఆ పిల్లలు గొలుసు ఊడిందని వస్తే మేస్త్రిగారు డబ్బు తీసుకోరు, గొలుసు ఎలా ఎక్కించుకోవాలో వాళ్ళ చేతనే చేయించి చూపి పంపుతారు. ఇందువల్ల షాపుకు నష్టం కాదా అంటే, పంక్చరు పడితే ఎక్కడికి వస్తారు మాస్టారూ అని నవ్వారు.

రాబడి సంగతి. నేను వేసిన ప్రతి పంక్చరుకు 15 రూపాయలు, కట్టిన ప్రతి చక్రానికి 100 రూపాయలు లెక్కగట్టి, నేను వద్దంటున్నా శనివారం సాయంత్రం చేతిలో పెట్టేవారు. ఐదు నెలల్లో మొత్తం మూడువేల చిల్లర వచ్చింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం జీతం బ్యాంకు ఖాతాలో పడేది, దానిని నేను అంకెగా తప్ప చూడలేదు. ఈ నోట్లకు మాత్రం గ్రీజు మరకలున్నాయి, అందులో కొన్ని నా వేలిముద్రలే. అయితే ఈ పనిని జీవనోపాధిగా చేసుకోవాలనుకునేవారికి నేను తీపి కబుర్లు చెప్పలేను. పంచ అద్దె, కరెంటు, సామాను పెట్టుబడి పోను మేస్త్రిగారికి మిగిలేది మోటారు సైకిళ్ళ షోరూములో కొత్తగా చేరిన కుర్రాడి జీతం కన్నా తక్కువ. ఆయన కొడుకు పనిచేసేది అటువంటి షోరూములోనే.

ఇక లోపాలు. మొదటిది సమయం. రేపు అన్న మాటకు ఇక్కడ ఇవాళ కాదన్నదొక్కటే అర్థం. నా సైకిలుకు నాలుగు రోజులన్నారు, పదకొండు రోజులు పట్టింది, ఆ మధ్యలో మూడుసార్లు వెళితే మూడుసార్లూ అది అదే కొక్కేలకు అదే ఎత్తులో వేలాడుతూ కనిపించింది. రెండోది, బిల్లు ఇవ్వరు; ఏం మార్చారో నోటితో చెబుతారు, వివరంగానే చెబుతారు, కాని కాగితం మీద పెట్టరు. మూడోది సామాను. మంచి గోళీలు కావాలని గట్టిగా అడిగితే మంచివే తెప్పిస్తారు, అడగకపోతే బజారులో దొరికే చవకవి పడతాయి. కస్టమరుకు డబ్బు భారం కాకూడదని అలా చేస్తానని ఆయన వాదన. నా వాదన ఏమిటంటే ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి. నాన్నగారి సైకిలు పాత ఇత్తడి బెల్లు ఈ పదకొండు రోజుల్లో ఎక్కడో పోయింది. ఆయన కొత్త బెల్లు ఉచితంగా పెట్టారు, అది గట్టిగానే మోగుతుంది, కాని ఆ బెల్లు మోగితే మా అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చేది. మరొక మాట: ఎదురుచూసేవారు కూర్చోవడానికి బోర్లించిన ఒక డబ్బా తప్ప చోటు లేదు, సైకిళ్ళు సగం రోడ్డు మీదే ఉంటాయి. పెద్దవారు, ఆడవారు సైకిలు ఇచ్చి వెళ్ళిపోవడమే మంచిది.

గేర్ల సైకిళ్ళు ఉన్నవారు ఈ షాపుకు రావడం గురించి ఒకసారి ఆలోచించుకోవాలి. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023లో తెరిచాక అక్కడి ఉద్యోగాల్లో ఉన్న మా ఊరి పిల్లలు కొందరు ఖరీదైన సైకిళ్ళు కొన్నారు, పండుగలకు వాటిని కారు మీద కట్టుకుని తెస్తున్నారు కూడా. వాటి చక్రాల వంపు తీయడానికి, ఇరుసులు శుభ్రం చేయడానికి మేస్త్రిగారికి సాటి లేరు. గేరు తీగ సవరించడం మాత్రం ఒకసారి కుదురుతుంది, ఒకసారి కుదరదు. నూనె ఒత్తిడితో పనిచేసే డిస్కు బ్రేకులను ఆయన ముట్టుకోరు, ముట్టుకోనని ముందే చెబుతారు. గేర్ల పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే జపాను కంపెనీ షిమానో 1921లో మొదలైనప్పుడు తయారుచేసింది గేర్లు లేని ఒంటి ఫ్రీవీలునే అని నేను ఆయనతో అంటే, అక్కడే ఆగి ఉండవలసిందన్నారు.

గేర్లు లేని సింగిల్ సైకిలు ఉన్నవారికి ఒక సలహా: ఓవరాయిలింగుకు ఇచ్చే ముందు ఒక అడుగు స్కేలు తీసుకుని గొలుసు మీద పెట్టి చూసుకోండి. కొత్త గొలుసులో 24 లంకెలు సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. అవే 24 లంకెలు 12 అంగుళాల మీద ఎనిమిదో వంతు పెరిగి కనిపిస్తే గొలుసుతో పాటు ఫ్రీవీలు కూడా మార్చవలసి ఉంటుందని ముందే లెక్క వేసుకోవచ్చు. నా సైకిలుకు ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు. పెడలు ఒక చుట్టు తిప్పితే 28 అంగుళాల చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగి, సుమారు ఐదున్నర మీటర్లు ముందుకు వెళుతుంది. గొలుసు అరిగితే ఈ దూరం తగ్గదు, కాని కాలి బలంలో కొంత పళ్ళను అరగదీయడానికే పోతుంది.

షాపు ఉదయం ఆరున్నరకు తెరుస్తారు, శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ రెండు గంటలపాటు మూసి ఉంటుంది, ఆదివారం సాయంత్రం పని ఉంటే తెరుస్తారు, లేకపోతే లేదు. పంక్చరుకు ఎప్పుడు వెళ్ళినా ఫరవాలేదు. చక్రం కట్టించుకోవాలంటే మాత్రం వానాకాలం మొదలయ్యే ముందు, బడులు తెరిచే జూన్ రద్దీ తగలకుండా మే నెలలో ఇవ్వండి, ఇచ్చేటప్పుడు మంచి గోళీలు, మంచి పుల్లలు కావాలని ఒకటికి రెండుసార్లు చెప్పండి, బెల్లు ఊడదీసి ఇంట్లో పెట్టుకుని వెళ్ళండి. సోమ, బుధ వారాల్లో ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు పంచలో కళ్ళజోడు పెట్టుకుని సుద్దముక్కతో కూర్చున్న మనిషి కనిపిస్తే, మీ చక్రం ఆయనకు ఇవ్వవద్దని అడిగే హక్కు మీకుంది; ఇప్పటిదాకా ఇద్దరు అలా అడిగారు.